పేస్‌మేకరు పెట్టించుకొన్నవారి నిద్ర

మన పాఠశాలలో చదువుకొనుచున్న బాలబాలికలలో తాతగారికో, అమ్మమ్మగారికో గుండెకు పేస్‌మేకరు పెట్టించిన యిండ్లవారు ఇప్పుడు అరుదు కారు. ఆ యంత్రమెట్లు పనిచేయునని పిల్లలు మమ్ము నడుగుచుందురు. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు వేరొక ప్రశ్న వేసెను. యంత్రము పెట్టినది మొదలు తన తాతగారు రాత్రులు కన్ను మూయుట లేదనియు, అది రాత్రింబవళ్లు గుండెను కొట్టుచుండుటయే యిందుకు కారణమా యనియు అడిగెను. యంత్రమే కారణమని గాని, దానికేమియు సంబంధము లేదని గాని ఒక్కమాటలో తేల్చుట సరికాదు. అందుచే కొంత వివరముగ వ్రాయుచున్నాము.

గుండె కుడివైపు పైగదిలో ఒక చిన్న కణసముదాయము కలదు. అందు పుట్టిన విద్యుత్ప్రేరణ మొదట పైగదులకును, పిమ్మట క్రిందిగదులకును వ్యాపించి గుండె ముడుచుకొనునట్లు చేయును. ఆ ప్రేరణ మందగించినను, త్రోవలో అడ్డుపడినను నాడి మిక్కిలి తగ్గి మనుష్యుడు సొమ్మసిల్లును. అట్టివారికి రొమ్ము పైభాగమున, చర్మము క్రింద, 20 మొదలు 30 గ్రాముల బరువుగల యంత్రమునుంచి, దాని తీగెను రక్తనాళము గుండ గుండెలోనికి పంపుదురు. అది ఊరక కొట్టుచుండునది కాదు. గుండె తనంతట తాను కొట్టుకొనుచున్నంతసేపు యంత్రము వినుచు ఊరకుండును. నిర్ణయించిన వేగముకంటె, సాధారణముగ నిమిషమునకు 60 కంటె, నాడి తగ్గినప్పుడే ప్రేరణ నిచ్చును.

ఇట్టి యంత్రమును శరీరములో నమర్చుట మొదట 1958వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశమందలి స్టాక్‌హోమ్ నగరమున జరిగినది. ఎల్మ్‌క్విస్ట్ అను నింజనీరు చేయగా, సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్ అను 43 ఏండ్ల రోగికి దానిని పెట్టెను. ఆ మొదటి యంత్రము కొన్ని గంటలకే చెడిపోయెను. అయినను లార్సన్ ఒకదాని తరువాత నొకటిగ ఇరువదికిపైగా యంత్రములు మార్పించుకొని, 2001లో 86వ యేట వేరొక జబ్బుచే మరణించెను. గుండె ఆగునను భయముతో పండుకొనువారు ఈ సంగతి తెలిసికొనదగును.

ఇక నిద్ర మాట. మొదటి కొన్ని వారములు నిద్ర చెడుట వింత కాదు. గాయము సలుపును; ఏ ప్రక్కకు తిరిగిన ఏమగునో యని భయము. యంత్రమున్న వైపు చేతిని నాలుగు మొదలు ఆరు వారములవరకు భుజముకంటె పైకెత్తవలదని వైద్యులు సామాన్యముగ చెప్పుదురు. తీగె కుదురుకొనుటకై యీ కట్టుబాటు. కాని కొందరు దీనిని అతిగా పాటించి, చేతిని కదపనే కదపరు. తత్ఫలితముగ భుజము బిగిసికొనిపోయి, ఆ నొప్పియే రాత్రులు నిద్ర చెరచును. చేతిని భుజమునకు దిగువగా కదపవచ్చును, కదపవలెను. గాయము మానిన పిదప, వైద్యుడు వలదని చెప్పియుండనిచో, ఆ ప్రక్కకే తిరిగి పండుకొనినను యంత్రమునకు హాని లేదు. చంక క్రింద నొక చిన్న తలగడ యుంచుకొనుట కొందరికి సుఖము.

గాయముకంటె భయము ఎక్కువకాలము నిలుచును. మా యెరుకలోని విశ్రాంతోపాధ్యాయు లొకరు యంత్రము పెట్టించుకొన్న తరువాత రాత్రి మెలకువ వచ్చినప్పుడెల్ల చేతిగడియారము చూచుచు నాడి లెక్కించుకొనుచుండిరి. ఆసుపత్రివారు 60 కి తగ్గదని చెప్పియుండిరి. ఒకనాటి రాత్రి రెండు గంటలకు లెక్కింపగా 52 మాత్రమే వచ్చెను. బ్యాటరీ అయిపోయినదని యింటివారినందరిని లేపిరి. తెల్లవారి యంత్రమును పరీక్షింపగా దోషమేమియు లేదు. రాత్రివేళ 50 వరకు తగ్గునట్లు దానిని ముందే అమర్చియుండిరి. ఆ సంగతి వారికెవ్వరును చెప్పలేదు! ఒక్క వాక్యము చెప్పకపోవుటవలన ఒక వృద్ధునకు ఎన్ని రాత్రుల నిద్ర పోయినదో చదువరులు గమనింతురు గాక. బ్యాటరీ యైనను దీపమారినట్లు హఠాత్తుగ ఆరిపోవునది కాదు. సామాన్యముగ అది 8 మొదలు 12 ఏండ్లు వచ్చును. మార్చవలసిన కాలము కొన్ని నెలల ముందుగనే పరీక్షలో తెలియును.

ఆరోగ్యవంతుని గుండెయు నిద్రలో నెమ్మదించును. దాని ననుసరించియే యీ రాత్రివేగపు టేర్పాటు. రాత్రియంతయు 60 కొట్టుకొనుట కొందరికి దడగా తోచును. అట్టివారికి ఈ యేర్పాటు తగునేమో వైద్యుని అడుగవచ్చును. దీనికి కోత అక్కరలేదు. రొమ్ముమీద నొక సాధనమునుంచి చర్మముపైనుండియే వేగమును మార్చుదురు. ఐతే కొన్ని యంత్రములు ఈ మార్పును లోపలి గడియారమును బట్టి చేయును. మన ప్రాంతపు వృద్ధులనేకులు బిడ్డల చెంతకు అమెరికా వెళ్లుచున్నారు. అక్కడి పగలు ఇక్కడి రాత్రి. గడియారము మార్పింపనిచో యంత్రము పగలు నెమ్మదించి, రాత్రి వేగమును పెంచును. ప్రయాణమునకు ముందు ఈ సంగతి యడుగుట మేలు.

కొన్ని యంత్రములలో శరీరపు కదలికను గుర్తించి వేగము పెంచు ఏర్పాటు కలదు. మెట్లెక్కునప్పుడు అది ఉపకారమే. గతుకుల బాటలో బస్సెక్కినను, రాత్రి బోర్లపండుకొని పొర్లినను అది పొరబడి వేగము పెంచవచ్చును. మరికొన్ని యంత్రములు అర్ధరాత్రి దాటిన పిమ్మట, రోగి నిద్రించు వేళ యని, తమ తీగెను తామే కొన్ని క్షణములు పరీక్షించుకొనును. ఆ పరీక్షను కొందరు గుర్తింతురు. ప్రతిరాత్రి ఒకే గంటకు గుండె అదరి మెలకువ వచ్చుచున్నదని రోగి చెప్పిన, దానిని వట్టి భ్రమ యని త్రోసివేయరాదు.

ఇవి యట్లుండగా, ఆలసింపక తెలుపవలసినవి కొన్ని కలవు. విడువని యెక్కిళ్లు గాని, కడుపు పైభాగమునగాని యంత్రమున్న చోటగాని కండరము ఎగురుటగాని కలిగిన, ప్రేరణ చేరరాని చోటికి చేరుచున్నదేమో, తీగె కదలినదేమో చూడవలెను. పండుకొనగనే ఊపిరాడకుండుట, మెడలో నాడి కొట్టుకొనుట, నిస్సత్తువ కలుగుట మరియొక గుర్తు. క్రిందిగదికి మాత్రమే తీగె యున్నవారిలో కొందరికి పైగదులు, క్రిందిగదులు జత తప్పి ముడుచుకొనుటవలన ఇట్లగును. గాయము ఎర్రబడినను, చీము వచ్చినను, జ్వరము తగిలినను, మరల సొమ్మసిల్లినను నాడే ఆసుపత్రికి పోవలెను.

మందుల సంగతి పలువురు మరతురు. నాడిని తగ్గించు మెటొప్రొలాల్ వంటి మందులను, యంత్రము రక్షణ యున్నదను ధైర్యముతో, వైద్యులు తరువాత మొదలిడుట కలదు. ఇవి కొందరికి కలతనిద్రయు పీడకలలును తెచ్చును. నీరుడుచు మాత్రను సాయంకాలము మ్రింగినవారు రాత్రి నాలుగుసార్లు లేవక తప్పదు. వేళ మార్చినంతనే యిది కుదురవచ్చును. కాని మార్చవలసినది వైద్యుడు, మనము కాము.

అన్నిటికంటె ముఖ్యమైనది గురక. నిద్రలో గొంతు మూసికొనిపోయి ఊపిరి పదేపదే ఆగు జబ్బొకటి కలదు. దానివలన రాత్రి నాడియు తగ్గును. ఐరోపాలో 98 మంది పేస్‌మేకరు రోగులను నిద్రలో పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితమును బట్టి, వారిలో 59 శాతమునకు ఈ జబ్బు కలదు. అంతకుముందు వారికది యున్నదని యెవరును గుర్తింపలేదు. పేస్‌మేకరు వేగమును రాత్రి పెంచిన నిది కుదురునని 2002లో ఫ్రెంచి వైద్యులు 15 మంది రోగులను చూచి ఆశపడిరి. 2005లో వెలువడిన పరిశోధనలు దానిని బలపరుపలేదు. కావున గురకకు మందు పేస్‌మేకరు కాదు. ముక్కునకు తొడిగి గాలి నొత్తిడితో పంపు యంత్రము వేరుగా కలదు. నిద్రలో నాడి తగ్గువారిని ఈ జబ్బుకై విచారింపవలెనని 2018లో అమెరికా హృద్రోగవైద్య సంఘములు తమ సూచనలలో చేర్చినవి. గురకపెట్టువానికి తన గురక తెలియదు. ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరియై మరల వచ్చుటను చూడగలవారు ప్రక్కనున్న భార్యయో, మనుమడో.

నిద్ర పట్టలేదని మందుల దుకాణములో చీటి లేకయే మాత్రలు కొని మ్రింగుటను మేము గట్టిగా ఖండించుచున్నాము. ఈ ఊపిరి జబ్బున్నవారికి కొన్ని నిద్రమాత్రలు మిక్కిలి హానికరములు. సెల్‌ఫోనును రొమ్ముమీద నుంచుకొని పండుకొను అలవాటును మానవలెను. అది యంత్రమునకు కనీసము 15 సెంటీమీటర్ల దూరమున నుండవలెను.

ఇంటిలో చదువు నేర్చిన పిల్లలు చేయదగిన పని యొకటి కలదు. పాత నోటు పుస్తకములో రెండు వారములపాటు తాతగారు ఎన్నిగంటలకు పండుకొనిరి, ఎన్నిగంటలకు మెలకువ వచ్చెను, అప్పుడు దడయా, నొప్పియా, ఊపిరాడకుండుటయా, వట్టి ఆలోచనయా, ఏ మాత్ర ఏ వేళ మ్రింగిరి యని వ్రాసి, యంత్రమును పరీక్షించునాడు వెంట తీసికొనిపోవలెను. పేస్‌మేకరు కూడ గుండె నడిచిన తీరును కొంతవరకు తనలో వ్రాసికొనుచుండును. పుస్తకములోని గంటను, యంత్రములోని గంటను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, కారణము యంత్రమందున్నదో, మందునందున్నదో, గొంతునందున్నదో, మనస్సునందున్నదో వైద్యునకు తెలిసికొనుట సులభమగును.