చాయ్ హోటల్ తీర్పులు, రూల్ బుక్కు లెక్కలు

మే నెల వచ్చిందంటే కీసర చౌరస్తాలో సాయంత్రాలు ఐపీఎల్‌వే. ఔటర్ పక్కన అద్దెకిచ్చే గ్రౌండ్లలో ఆడి, కిట్ బ్యాగులు భుజాన వేసుకుని వచ్చిన పోరగాళ్లు చాయ్ హోటల్ దగ్గర ఆగుతారు. సీసాకు ఆనించి పెట్టిన ఫోన్లో హైదరాబాద్ మ్యాచ్ నడుస్తుంటుంది. ఉప్పల్ స్టేడియం కూడా తమ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోదే కాబట్టి తీర్పు చెప్పే హక్కు తమకు కాస్త ఎక్కువేనని వాళ్ల లెక్క. ఆరెంజ్ క్యాప్ మీద ఎవరూ గొడవపడరు, పరుగులు కూడితే తేలిపోతుంది. కొట్లాటంతా ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు దగ్గరే. అది ఎవరికి వచ్చినా ‘మనోడికి అన్యాయం జరిగింది’ అనేవాడు ఒకడు ఉండనే ఉంటాడు.

ఆ కొట్లాటల్లో సగం రూలు తెలియక పుట్టేవే. పోటీలో నిలవాలంటే వయసుకు పరిమితి ఉంది. ఆడిన టెస్టులు 5కు గానీ, వన్డేలు 20కి గానీ మించకూడదు. సీజన్ మొదలయ్యే నాటికి ఐపీఎల్ మ్యాచులు 25 దాటి ఉండకూడదు. అంతకుముందు ఈ అవార్డు గెలిచి ఉండకూడదు. ఎవరు గొప్పగా ఆడారన్నది తర్వాతి సంగతి. ఎవరిని కొత్తవాడిగా లెక్కేయాలో ఈ గీతలు ముందే తేల్చేస్తాయి.

అపోహ: ఇది తొలి సీజన్ ఆడేవాళ్లకిచ్చే బహుమతి.

2025లో ఎక్కువమంది పొరబడింది ఇక్కడే. పద్నాలుగేళ్ల వైభవ్ సూర్యవంశీ ఏప్రిల్ 28న జైపూర్‌లో గుజరాత్ టైటాన్స్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. అలాంటి పిల్లాడిని వదిలేసి నాలుగో సీజన్ ఆడుతున్న సాయి సుదర్శన్‌కు అవార్డు ఇస్తారా అని చాలామంది కోపగించుకున్నారు. కానీ సుదర్శన్ లెక్క తీస్తే ఆశ్చర్యమేస్తుంది. 2022లో 5 మ్యాచులు, 2023లో 8, 2024లో 12. కూడితే సరిగ్గా 25. ఇంకొక్క మ్యాచ్ ఆడి ఉంటే 2025లో అతని పేరు పరిశీలనకే వచ్చేది కాదు. ఆ ఏడాది అతను 759 పరుగులతో ఆరెంజ్ క్యాప్ కూడా అందుకున్నాడు. సూర్యవంశీ 7 మ్యాచుల్లో 252 పరుగులు చేశాడు, 206 దాటిన స్ట్రైక్ రేట్‌కు సూపర్ స్ట్రైకర్ అవార్డు పట్టుకెళ్లాడు. ఒట్టి చేతులతో వెళ్లలేదు.

సుదర్శన్ ఒక్కడే కాదు. 2018లో 684 పరుగులతో గెలిచిన రిషభ్ పంత్ అప్పటికే 24 మ్యాచులు ఆడి ఉన్నాడు. 2023లో 625 పరుగులు చేసిన యశస్వి జైస్వాల్ 23 ఆడాడు. ఇద్దరూ గీత దాటబోయే ముందు అవార్డు అందుకున్నవాళ్లే. రెండు మూడేళ్లు జట్టుతో తిరిగి ఆట పట్టుబడ్డ కుర్రాడికి, నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఒకే వరుసలో పోటీ పెడితే ఎవరిది పైచేయి అవుతుందో చెప్పనక్కర్లేదు. తప్పు ఎంపిక చేసేవాళ్లది కాదు. గీతే అంత వెడల్పుగా గీశారు.

అపోహ: 2022లో తిలక్ వర్మకు దక్కాల్సింది ఇంకెవరికో ఇచ్చేశారు.

హైదరాబాద్ కుర్రాడు తిలక్ ఆ ఏడాది ముంబై తరఫున 14 మ్యాచుల్లో 397 పరుగులు చేశాడు. వయసు 19. జట్టేమో పట్టికలో అట్టడుగున. అతనికంటే ఎక్కువ చేసింది ముంబైలో ఇషాన్ కిషన్ ఒక్కడే. అవార్డు మాత్రం జమ్మూ నుంచి వచ్చి హైదరాబాద్‌కు ఆడిన ఉమ్రాన్ మాలిక్‌కు వెళ్లింది. మన కుర్రాడు ముంబైలో, మన జట్టులో జమ్మూ కుర్రాడు! అందుకే ఉప్పల్ అభిమానికి ఆ రోజు సంతోషించాలో అలగాలో తెలియలేదు. నిజానికి అన్యాయమేమీ లేదు. ఉమ్రాన్ 22 వికెట్లు తీశాడు, గుజరాత్ మీద 25 పరుగులకు 5 పడగొట్టాడు, బంతిని గంటకు 157 కిలోమీటర్ల దాకా విసిరాడు. ఆ సీజన్‌లో తిలక్ వంటి నిలకడైన కొత్త బ్యాటర్ అరుదు, ఉమ్రాన్ వంటి వేగమున్న కొత్త బౌలర్ ఇంకా అరుదు.

తిలక్ కథలో జనం పట్టించుకోని ముక్క ఇంకొకటుంది. 2023లో అతను 11 మ్యాచులాడి 343 పరుగులు చేశాడు. 14కు 11 కలిపితే 25. అంటే మ్యాచుల గీత ప్రకారం 2024లోనూ అతను కొత్తవాడే. ఆ ఏడాది 416 పరుగులు చేశాడు. గెలిచింది మరో తెలుగు కుర్రాడు, విశాఖ నితీష్ కుమార్ రెడ్డి. పరుగులు 303.

అపోహ: అంకెలు ఎక్కువున్నవాడిదే అవార్డు.

అలాగైతే 2024లో నితీష్ పేరు వినబడేదే కాదు. రియాన్ పరాగ్ 573, అభిషేక్ శర్మ 484 చేశారు కదా అంటారు. వాళ్లిద్దరూ 25 మ్యాచులు ఎప్పుడో దాటేశారు, వాళ్ల ఊసు అనవసరం. నిజమైన పోటీ తిలక్‌తోనూ, చాంపియన్ కోల్‌కతాకు 19 వికెట్లు తెచ్చిన హర్షిత్ రాణాతోనూ. రాణాకు ఇచ్చి ఉన్నా ఎవరూ వేలెత్తి చూపగలిగేవారు కాదు.

మరి నితీష్ బలమేమిటి? ఏప్రిల్ 9న ముల్లన్‌పూర్‌లో పంజాబ్ మీద హెడ్, మార్‌క్రమ్, అభిషేక్ త్వరగా వెనుదిరిగాక 37 బంతుల్లో 64 కొట్టాడు. ఒక వికెట్ కూడా తీశాడు. జట్టు గెలిచింది 2 పరుగుల తేడాతో. మే 2న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద రెండు వికెట్లు పడ్డాక వచ్చి 42 బంతుల్లో 76 నాటౌట్, అందులో సిక్సర్లే 8. చివరి బంతికి భువనేశ్వర్ ఎల్‌బీడబ్ల్యూతో వికెట్ తీశాడు, ఆ మ్యాచ్ ఒక్క పరుగుతో దక్కింది. నితీష్ ఆ రెండు ఇన్నింగ్స్‌లో పది పరుగులు తక్కువ చేసి ఉంటే హైదరాబాద్ రెండూ ఓడేది. మొత్తం అంకె ఈ సంగతి చెప్పదు. పైగా బౌలింగ్ కూడా చేయగల భారత కుర్రాడు, అలాంటివాళ్ల కోసం దేశమంతా వెతుకుతోంది. ఇక్కడ నితీష్ వైపు మొగ్గడం సబబే.

అతను ఎక్కడినుంచో ఊడిపడ్డాడనుకోవడం కూడా పొరపాటే. 2017–18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. అండర్–16 విభాగంలో బోర్డు అవార్డు అప్పుడే అందుకున్నాడు.

అపోహ: కొత్తవాడంటే అనుభవం లేనివాడు.

ఈ చిక్కు క్రికెట్‌కు మాత్రమే కాదు. అమెరికా బేస్‌బాల్‌లో 1947 నుంచి రూకీ ఆఫ్ ద ఇయర్ ఇస్తున్నారు. తొలి విజేత జాకీ రాబిన్సన్‌కు అప్పుడు 28 ఏళ్లు. నల్లజాతివాళ్లను అన్నాళ్లూ మేజర్ లీగ్‌లోకి రానివ్వకపోవడమే ఆ ఆలస్యానికి కారణం. 1987 నుంచి అవార్డు అతని పేరు మీదే ఉంది. అక్కడ వయసు పరిమితి లేదు, మేజర్ లీగ్‌లో ఆడింది ఎంతన్నదే చూస్తారు. జపాన్‌లో తొమ్మిది సీజన్లు ఆడి వచ్చిన ఇచిరో 2001లో రూకీగానే గెలిచాడు. 2003లో మరో జపాన్ దిగ్గజం హిడెకి మత్సుయికి అలా కలిసిరాలేదు. ఇతన్ని కొత్తవాడనడం ఏమిటని, ఓటు వేసే విలేకరుల్లో ఇద్దరు అతని పేరు బ్యాలెట్‌లోనే రాయలేదు. ఏంజెల్ బెరోవా చేతిలో 4 పాయింట్ల తేడాతో ఓడాడు. రూలు అతన్ని కొత్తవాడన్నది, ఓటర్లు ఒప్పుకోలేదు.

మన దగ్గర 2009లో ఇది తిరగబడింది. అప్పట్లో ఇది 23 ఏళ్ల లోపువాళ్లకిచ్చే అవార్డు. గెలిచింది డెక్కన్ చార్జర్స్ రోహిత్ శర్మ, వాళ్లమ్మది విశాఖ. 362 పరుగులు, 11 వికెట్లు, ముంబై మీద హ్యాట్రిక్. అయితే అతను 2007 టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడినవాడు! అప్పటి నిబంధన వయసే చూసింది గానీ అనుభవం చూడలేదు. ఆ మరుసటి ఏడాదే గుంటూరు అంబటి రాయుడు ఐపీఎల్‌లో కొత్తగా అడుగుపెట్టి ముంబైకి 356 పరుగులు చేశాడు. వయసు 24. అవార్డు అతని జట్టువాడే అయిన సౌరభ్ తివారీకి దక్కింది.

అపోహ: విదేశీయులకు ఇవ్వరు.

ఇచ్చారు, అదీ హైదరాబాద్ ఆటగాడికే. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచినప్పుడు 17 వికెట్లు తీసిన బంగ్లాదేశ్ బౌలర్ ముస్తాఫిజుర్ రెహమాన్. 2025 దాకా మరో విదేశీయుడికి రాలేదన్నది మాత్రం వాస్తవం.

అపోహ: ఇది గెలిచినవాడే రేపటి స్టార్.

2008 విజేత శ్రీవత్స్ గోస్వామి, 2011 విజేత ఇక్బాల్ అబ్దుల్లా ఇద్దరూ భారత సీనియర్ జట్టు దాకా చేరలేదు. 2017లో బాసిల్ థంపి 12 మ్యాచుల్లో 11 వికెట్లతో గెలిచాడు, యార్కర్లకు పేరు తెచ్చుకున్నాడు. అదే సీజన్‌లో హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్ సన్‌రైజర్స్‌కు ఆడింది ఆరే మ్యాచులు, తీసింది 10 వికెట్లు. అవార్డు పట్టికలో సిరాజ్ పేరు లేదు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో అతను 23 వికెట్లు తీశాడు, ఓవల్‌లో 6 పరుగుల తేడాతో భారత్ గెలిచిన టెస్టులో చివరి వికెట్ అతనిదే. తిలక్ వర్మ పేరూ ఆ పట్టికలో ఉండదు. అదే ఏడాది సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 69 నాటౌట్‌గా నిలిచి భారత్‌ను గెలిపించింది అతనే.