బ్యాండుసెట్టు మన వీధికి ఎట్లా వచ్చింది?

మొన్న మాఘమాసంలో మా వీధిలో ఒక పెళ్ళి. వరపూజ రోజు సాయంత్రం గుడి దగ్గరనుంచి ఛత్రం దాకా మెరవణి. ముందు ట్రంపెట్లవాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక క్లారినెట్టు, యుఫోనియం, సైడ్ డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము, తాళాలు. మూడు సినిమా పాటలు అయినాక క్లారినెట్టు ఆయన ‘బ్రోచేవారెవరురా’ ఎత్తుకున్నాడు. పక్కన నడుస్తున్న మా చిన్నాన్న వెంటనే “శంకరాభరణం సినిమా పాట” అన్నాడు. 1980లో వచ్చిన ఆ సినిమాలో ఆ పాట ఉంది, నిజమే. కానీ కట్టింది మైసూరు వాసుదేవాచార్యులు. మైసూరు ఆస్థాన విద్వాంసుడు, రాసింది తెలుగులో, రాగం ఖమాసు.

మెరవణి ఛత్రం ముందు ఆగినప్పుడు ఆ క్లారినెట్టు ఆయన్నే అడిగాను, ఏం రాగమని. “ఖమాసు పాపా” అన్నాడు నీళ్ళు తాగుతూ. “మా మామ నేర్పినాడు. ముందు సరళీవరసలు, జంటవరసలు, ఆమేలె పాట. సినిమా చూసి నేర్చింది కాదు.”

ఆ మాట పట్టుకుని వెనక్కి పోతే చాలా దూరం పోవాల్సి వచ్చింది. యూరప్‌లో తయారైన వాద్యం మీద, మైసూరు విద్వాంసుడి తెలుగు కీర్తన, చిక్కబళ్ళాపురం వీధిలో. ఇది ఎట్లా కుదిరింది?

ముందు వాద్యం సంగతి. ఇత్తడి గొట్టంలో ఊపిరి ఊదితే శబ్దం రాదు. పెదవులు బిగించి, గిన్నెలాంటి మూతిలో అదిరేట్టు ఊదాలి. ఆ అదురుకు గొట్టంలోని గాలి పలుకుతుంది. గొట్టం పొడవు మారకపోతే కొన్ని స్వరాలే వస్తాయి. సైన్యంలో ఊదే బ్యూగుల్ అంతే, దాని పిలుపులన్నీ సుమారు అయిదు స్వరాలతోనే నడుస్తాయి. సిపాయిలను లేపడానికి అది చాలు, పాటకు చాలదు. 1818 ప్రాంతంలో జర్మనీలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు మీటలు కనిపెట్టారు. ట్రంపెట్ మీద మనం చూసే మూడు మీటలు అవే. ఒక్కొక్కటి నొక్కితే ఊపిరి ఇంకొంచెం గొట్టం చుట్టి వస్తుంది, అంటే గొట్టం పొడవు పెరిగినట్టే. నడిమి మీట అర స్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. వీటిని కలిపి నొక్కితే ఏడు పొడవులు. దాంతో ట్రంపెట్ లాంటి వాద్యానికి పాట మొత్తం సులువుగా వాయించే శక్తి వచ్చింది.

అయితే గమకం మాత్రం కష్టం. మీట నొక్కితే స్వరం మెట్టు దిగినట్టు దిగుతుంది, జారదు. క్లారినెట్టులో వేలితో రంధ్రం సగం మూసి, పెదవి ఒత్తిడి మార్చి జార్చవచ్చు. అందుకే మన బ్యాండుసెట్టులో ముందు నడిచేది ట్రంపెట్టే అయినా పాట నడిపించేది చాలాసార్లు క్లారినెట్టు. అన్నట్టు, క్లారినెట్టు నల్లచెక్కది, రెల్లు పత్తితో పలుకుతుంది. శాక్సోఫోను ఒళ్ళంతా ఇత్తడే, అయినా అందులోనూ పలికేది రెల్లే. కాబట్టి శాస్త్రం ప్రకారం అది ఇత్తడి వాద్యాల్లో చేరదు. బెల్జియం దేశపు అడాల్ఫ్ శాక్స్ 1846లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పరీక్షలో అడగరులెండి, అయినా గుర్తుంచుకోండి.

ఇక ప్రయాణం. దక్షిణాదికి బ్యాండు సైన్యంతో వచ్చింది. మద్రాసు కోటలో కుంపిణీ బ్యాండు ఉండేది. తంజావూరులో రెండో శరభోజి, 1798 నుంచి 1832 దాకా ఏలినవాడు, తన దర్బారులోనే పాశ్చాత్య బ్యాండు పెట్టుకున్నాడు. ముత్తుస్వామి దీక్షితులు కోట బ్యాండు వాయించే వరసలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నోట్టుస్వరాలంటాం. ఇంగ్లండు రాజగీతం వరసకే ఆయన కట్టింది ఒకటుంది, ‘సంతతం పాహిమాం’. దొరలు రాజుకోసం నిలబడి వినే వరసలో మనవాళ్ళు అమ్మవారిని పిలిచారు!

ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఇంకో పని చేశారు. ఒక యూరోపియన్ దగ్గర ఫిడేలు నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతానికి దింపుకున్నారు. అంటే ఫిడేలు, క్లారినెట్టు ఒకే కాలంలో, ఇంచుమించు ఒకే వాకిట్లోంచి మన ఇంటికొచ్చాయి. ఈరోజు ఫిడేలు లేని కచేరీ ఊహించలేం, అది పరాయి వాద్యమని ఎవరికీ గుర్తు కూడా లేదు. క్లారినెట్టు తంజావూరు వైపు నాట్యమేళంలో ముఖవీణ చోట చేరింది, తర్వాత వీధిలోకొచ్చి అక్కడే నిలబడింది. ఏ.కె.సి. నటరాజన్ లాంటి వాళ్ళు దాన్ని కచేరీ వేదిక ఎక్కించారు గానీ, అట్లాంటివాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఎందుకిట్లా? ఫిడేలు గొంతు వెంట మెల్లగా నడుస్తుంది, గమకమంతా పలుకుతుంది, నాలుగ్గోడల మధ్య సరిపోతుంది. ఈ కారణాలు ఒప్పుకోవాల్సిందే. కానీ ఇవే మొత్తం కారణాలు కావని నాకనిపిస్తుంది. నోటితో ఊదేది ఎంగిలి, తోలు ముట్టేది మైల అనే పాత లెక్క ఒకటి మన దగ్గర ఉంది. ఆ లెక్క కూడా సరిగ్గా నడవదు. మృదంగానికీ తోలే కదా, అది వేదికమీద కూర్చుంటుంది. నాదస్వరం నోటితోనే ఊదుతారు, అది లేనిదే తాళి కట్టరు. గట్టిమేళం మోగాలి, మోగించినవాళ్ళు మాత్రం భోజనానికి ఆఖరి పంక్తి. వాద్యం పవిత్రతకూ వాయించేవాడి మర్యాదకూ సంబంధం లేదన్నమాట. ఎవరు వాయిస్తున్నారు అన్నదే లెక్క.

మన వైపు బ్యాండుకు రెండు దారులు దగ్గర. ఒకటి బెంగళూరు కంటోన్మెంటు. 1809లో బ్రిటిష్ సైన్యం శ్రీరంగపట్నం నుంచి బెంగళూరుకు మారింది, దాని వెంట రెజిమెంటు బ్యాండ్లు. కబ్బన్ పార్కులో ఇప్పటికీ ఉన్న బ్యాండ్ స్టాండు ఆ కాలపు గుర్తే. రెండోది మైసూరు ప్యాలెస్. అక్కడి బ్యాండు 1868లో మొదలైందని చెబుతారు. తర్వాత రెండు బ్యాండ్లు నడిచాయి, ఒకటి ఇంగ్లీషు బ్యాండు, ఒకటి కర్ణాటక బ్యాండు. నాల్వడి కృష్ణరాజ ఒడెయరుకు సంగీతమంటే ప్రాణం, తనే ఎన్నో వాద్యాలు వాయించేవాడు. ఆయన కాలంలో ఆటో ష్మిట్ అనే జర్మన్ ప్యాలెస్ వాద్యబృందాన్ని నడిపించాడు. అదే ఆస్థానంలో వాసుదేవాచార్యులు తెలుగు కీర్తనలు కడుతున్నారు. ఆచార్యుల గురువు పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు కట్టిన ‘రఘువంశ సుధా’ వినండి, కదనకుతూహలం రాగం. ఇంగ్లీషు నోటు వాసన కొడుతుంది. బ్యాండువాళ్ళకూ శాక్సోఫోనువాళ్ళకూ అది అంత ఇష్టం కావడంలో ఆశ్చర్యం లేదు. రాజ్యాలు పోయినాక ప్యాలెస్ బ్యాండు పోలీసుశాఖ కిందికొచ్చింది. దసరా జంబూసవారిలో ఇప్పుడు వాయించే పోలీసు బ్యాండు దాని వారసత్వమే.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అప్పుడు మైసూరు సంస్థానంలోనివే, కోలారు జిల్లా తాలూకాలు. 2007లో గదా మనకు వేరే జిల్లా అయింది. ప్యాలెస్‌లో ఏది గొప్పో సంస్థానమంతా అదే గొప్ప. రాజుగారి మెరవణిలో బ్యాండు ఉంటే ఊరి సాహుకారు పెళ్ళిలోనూ ఉండాలి. ఎర్రకోటు, భుజాలమీద జరీ కుచ్చులు, టోపీ, ఇవన్నీ సిపాయి వేషమే. పెళ్ళికొడుకు ఒక్కరోజు రాజు కాబట్టి ముందర సైన్యం నడుస్తుంది. వాద్యాలు కూడా దిగుమతి మీద ఆధారపడే రోజులు పోయి, మీరట్‌లో తయారు కావడం మొదలైంది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. జాలీ కోఠీ అనే వీధి మొత్తం బ్యాండు సామాన్లే.

ఈ కొత్త పనికి ఒక వెసులుబాటు ఉండింది. నాదస్వరం మంగలి, భజంత్రీల కులవృత్తి. తమటె మాదిగలది. బ్యాండు ఏ పురాణంలోనూ లేదు, ఏ కులానికీ రాసిపెట్టలేదు. అందుకే దేశంలో చాలాచోట్ల ముస్లింలు, దళితులు, క్రైస్తవులు, పాత మేళగాళ్ళ పిల్లలు ఇందులోకి వచ్చారు. కోటు వేసుకుంటే అందరూ ఒకటే. ఒకే సెట్టు ఇవాళ నంది భోగనందీశ్వరుడి రథం ముందు వాయిస్తుంది, రేపు మురుగమల్ల దర్గా ఉరుసుకు పోవచ్చు, ఎల్లుండి ఎవరింట్లోనో చావుకు. పాట మాత్రం మారుతుంది.

కానీ పెళ్ళిలో ఎవరు ఎక్కడ నిలబడతారో ఈసారి గమనించండి. పందిట్లో వాలగం. వీధిలో బ్యాండు, ఛత్రం గేటు దాకా. ఊరి అంచున, గ్రామదేవత దగ్గర, శవం ముందు తమటె, ఆంధ్ర వైపు పలక అనీ తప్పెట అనీ అంటారు. ముగ్గురికీ ఒకే లయజ్ఞానం, మూడు దూరాలు. శుభలేఖలో తాతల పేర్లనుంచి పసిపిల్లల పేర్ల దాకా అచ్చువేస్తాం, ఈ మూడు వరసల్లో ఒక్క పేరూ ఉండదు.

ఈ దూరాలు దాటినవాళ్ళున్నారు. మంగళూరు వైపు పానెమంగళూరు దగ్గర పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ నాదస్వరం వాయించే తండ్రి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోను విని దానికే అతుక్కుపోయాడు. గమకం పలకని వాద్యం మీద గమకం పలికించడానికి ఏళ్ళకేళ్ళు సాధన చేశాడు. 1994లో లండన్ బి.బి.సి. ప్రామ్స్ వేదికమీద కర్ణాటక సంగీతం వాయించాడు. 2004లో పద్మశ్రీ. 2019లో పోయాడు. ఈరోజు మన పెళ్ళిళ్ళలో నాదస్వరం పక్కన శాక్సోఫోను కనబడుతోందంటే ఆయన చలవే. ప్యాలెస్ బ్యాండు వాద్యం అట్లా గేటు దాటి పందిట్లోకే వచ్చేసింది.

ఇంకొకరు మన జిల్లావాళ్ళే. శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప గారు. తమటె కళాకారుడు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. చావుడప్పని తలుపు వేసుకునే వాద్యం రాష్ట్రపతి భవన్ దాకా పోయింది. ఆ వార్త వచ్చినప్పుడు మన క్లాసులో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? నాకూ తెలీదు. ఆయన ఊరు మనకు బస్సు దూరం.

మళ్ళీ మా వీధి క్లారినెట్టు ఆయన దగ్గరకొస్తాను. “ఆషాఢంలో పని లేదు, శూన్యమాసంలో లేదు. అప్పుడు తోటపని” అన్నాడు. ముహూర్తాలన్నీ ఒకేసారి వస్తే ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు, లేకపోతే నెలంతా ఖాళీ. ఇప్పుడు డి.జె. బండి వచ్చింది, నాసిక్ డోలు, కేరళ చెండె వచ్చాయి. కొత్త పాట వస్తే ఫోనులో రెండుసార్లు విని స్వరం పట్టేస్తాడట. కొడుకు నేర్చుకున్నాడా అని అడిగాను. “డ్రమ్ము కొడతాడు. ఇది పట్టుకోమంటే, కోటు వేసుకునేకి నాకు సిగ్గు అంటాడు.” అంటూ రెల్లు పత్తి తుడిచి అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టుకున్నాడు. సిగ్గు కోటుదా, గేటు దగ్గర నిలబడడందా అని అడగాలనుకున్నాను. లోపలినుంచి ఎవరో “ఏయ్ బ్యాండూ, ఇంకో పాట” అని కేకేశారు, ఆయన లేచాడు. అప్పుడు గుర్తొచ్చింది, నేనూ పేరు అడగలేదు. మెరవణి అయినాక పోయి అడిగాను.

ఈ వ్యాసం కింద చార్టులో సగం ఖాళీ వదిలిపెట్టాం. మీ ఇంటి పెళ్ళి ఆల్బంలు తిరగేయండి, మీ అమ్మమ్మలవి కూడా. పెళ్ళికొడుకు వెనకో, ఫోటో అంచునో బ్యాండువాళ్ళు, వాలగంవాళ్ళు, తమటెవాళ్ళు పడి ఉంటే నకలు తీసి తెచ్చి అతికించండి. ఏ ఊరు, ఏ సంవత్సరం అని కింద రాయండి. వాళ్ళు మీ ఊర్లోనే ఉంటే ముందు పోయి అడిగి, వాళ్ళు సరేనంటే పేరు కూడా రాయండి. జిగురు మేడంగారి టేబులు మీద ఉంది.