దుబాయ్‌లో పడ్డ బ్లూ టిక్కులు

మా మినీ ప్రాజెక్ట్ చాలా సింపుల్. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 28 ఇళ్లకు రోజూ వాట్సాప్‌లో ఒక నిమిషం వీడియో పంపాలి. పప్పు గింజలు లెక్కపెట్టించడం, గిన్నెలు చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్పించడం, ఇట్లా అమ్మానాన్నలు ఇంట్లోనే ఆడించే ఆటలు. ఊరు జగిత్యాల దగ్గర, మా అక్క అత్తగారి ఊరే. నంబర్లు అంగన్‌వాడీ రిజిస్టర్‌లోవి. మొదటి వారం దాదాపు అందరికీ బ్లూ టిక్కులు పడ్డాయి. నాలుగో వారానికి తొమ్మిది ఇళ్లు మిగిలాయి. 'పేరెంట్స్‌కి ఇంట్రెస్ట్ లేదు' అని స్లైడ్‌లో రాసేశాం.

ఆ తొమ్మిదిలో అక్క వాళ్ల ఇల్లు ఉంది. బతుకమ్మకు పోయినప్పుడు కాస్త గర్వంగానే అడిగిన, వీడియోలు ఎట్లున్నయ్ అక్కా అని.

"ఏం వీడియోలు తమ్మీ?"

రిజిస్టర్‌లో ఉన్నది బావ నంబర్. బావ దుబాయ్‌లో ఉంటాడు, వాట్సాప్ మాత్రం ఇక్కడి నంబర్ మీదే. అక్క దగ్గరున్నది కీప్యాడ్ ఫోన్. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది పొద్దున మరిది జేబులో పోయి రాత్రి ఎనిమిదికి వస్తది. పోనీ ఫోన్ ఇంట్లోనే ఉందనుకుందాం. అక్క బీడీలు చేస్తది. ఒళ్లో చాట, చేతిలో తునికాకు, రోజుకు వెయ్యి బీడీల లెక్క. వీడియో చూడాలంటే కళ్లు, చేతులు రెండూ ఆపాలె. ఖాళీగా ఉండేవి చెవులే.

ఈ సంగతి మాకంటే చాలా ముందే తెలుసుకున్నవాళ్లున్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో మొదలుపెట్టిన 'కిల్కారి'లో యాప్ లేదు, వీడియో లేదు. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికో ఫోన్ కాల్, మొత్తం 72, ఉచితం. కీప్యాడ్ ఫోన్‌కీ వస్తుంది. ముంబైలో అర్మాన్ అనే సంస్థ మొదలుపెట్టిన 'ఎంమిత్ర' కూడా ఇలాంటిదే, అందులో కాల్ ఏ టైంకి రావాలో తల్లే చెబుతుంది. అయినా వారాలు గడిచేకొద్దీ అక్కడా వినేవాళ్లు తగ్గుతూ వచ్చారు.

ఇక్కడే మన సబ్జెక్ట్ వస్తుంది (సివిల్, మెకానికల్ వాళ్లు ఒక్క పేరా ఓర్చుకోండి). హెల్త్ వర్కర్ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడితే తల్లి మళ్లీ వినే అవకాశం ఉంది. కానీ వారానికి కొద్దిమందికే చేయగలరు. ఎవరికి చేయాలి? గూగుల్ రీసెర్చ్ వాళ్లు దీన్ని 'రెస్ట్‌లెస్ మల్టీ ఆర్మ్‌డ్ బ్యాండిట్' సమస్యగా చూశారు. జూదం మెషీన్లు బోలెడు, లాగే ఛాన్సులు కొన్నే, ఏది లాగాలి అన్నదే బ్యాండిట్ సమస్య. మనం ముట్టకపోయినా వాటి స్థితి మారుతుంటే అది రెస్ట్‌లెస్. ఇక్కడ మెషీన్ ప్లేసులో ఒక్కో తల్లి. వారంలో ఒక్క కాలైనా 30 సెకన్లు మించి వింటే ఆమె ఎంగేజ్డ్. ఎవరికి ఫోన్ చేస్తే ఎక్కువ తేడా వస్తుందో మోడల్ లెక్కకడుతుంది. సుమారు 23 వేల మంది తల్లులతో 7 వారాలు పరీక్షిస్తే, వినడం మానేసేవాళ్లు దాదాపు 30 శాతం తగ్గారు. వరుసపెట్టి ఫోన్ చేసుకుంటూ పోతే మాత్రం అంత తేడా రాలేదు. ఇంత మ్యాథ్స్ చేసిన మోడల్ చివరికి ఇచ్చే ఔట్‌పుట్ ఏంటంటే, 'ఈమెతో ఒక మనిషి మాట్లాడాలి' అని. నాకు అది భలే నచ్చింది.

మాకు 28 ఇళ్లే కాబట్టి మోడల్ అక్కర్లేదు. టీంలో నలుగురం తలా ఏడు ఇళ్లు పంచుకుని ఫోన్లు చేశాం. మానేసిన 19 ఇళ్లలో నిజంగా ఇంట్రెస్ట్ లేదన్నది ఇద్దరే. కొందరికి డేటా అయిపోయింది. కొందరు నాట్లకు పోయి వచ్చి పడుకుంటున్నారు. ఒకామె మాత్రం "మీరు మాట్లాడేది టీవీల వార్తల లెక్క ఉన్నది బిడ్డా" అన్నది. ఆ స్క్రిప్ట్ నాదే. ఇంగ్లిష్ మీడియం బాపతు కదా, గూగుల్‌లో వెతికి 'గింజలను వర్గీకరించండి' అని రాశాను. 'ఏరి పెట్టమనుండ్రి' అంటే అయిపోయేది.

ఇది చెబితే ఉట్నూర్ నుంచి వచ్చిన నా రూమ్‌మేట్ నవ్వాడు. వాళ్లమ్మ అక్కడ అంగన్‌వాడీ టీచర్. పై నుంచి వచ్చిన తెలుగు మెసేజ్ తను విని, అదే సంగతి గోండిలో వాయిస్ మెసేజ్ పెడుతుందట. తెలిసిన గొంతు కాబట్టి తల్లులు వింటారు.

మేమూ మారాం. వీడియో తీసేసి నలభై సెకన్ల ఆడియో, మా గొంతు కాకుండా ఆ ఊరి టీచర్ గొంతు, రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండే ఫోన్‌కి. ఆ తొమ్మిది బ్లూ టిక్కుల్లో ఐదు గల్ఫ్‌లోవే అని తేలింది. రాంగ్ డేటా అని డిలీట్ చేశాను.

రెండు రోజులకు బావ ఫోన్. "నన్నెందుకు తీసేసినవ్ రా?"

దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ నడవవు. రూంలో మా వీడియో చూసి, రాత్రి మరిది ఇల్లు చేరినంక వేరే యాప్‌లో కొడుకుతో అదే ఆట ఆడించేవాడట. గింజలు లెక్కపెట్టుడు బావ సొంత తెలివి అనుకున్నది అక్క.

ఆ ఐదు నంబర్లకూ వీడియోలు మళ్లీ పోతున్నాయి. ఇప్పుడు 28 ఇళ్లకు 33 నంబర్లు. ఇంటికి ఒకటే ఫోన్ నంబర్ అనుకుని దాన్నే ప్రైమరీ కీగా పెట్టింది నేనే, కాబట్టి ఈ ఆదివారం టేబుల్స్ అన్నీ మార్చే పని కూడా నాదే.