హెచ్చరిక చేరింది... ఇల్లు సిద్ధమైందా?

1977 నవంబరు 19. కృష్ణా ముఖద్వారంలోని దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది. ఐదారు మీటర్ల ఎత్తున ఎగసిన ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చి, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో పల్లెలకు పల్లెల్నే తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే పోయిన ప్రాణాలు పదివేల దరిదాపులు. తుపాను సంగతి ముందు తెలియక కాదు, హెచ్చరికలు వెలువడ్డాయి. అవి అందిన ఇళ్లు తక్కువ. అందినా, పిల్లాజెల్లాతో ఎక్కడికి పోవాలి? చుట్టుపక్కల గట్టి డాబా లేదు, వానలో నడవడానికి దారి లేదు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, మళ్లీ ఆ కృష్ణా ముఖద్వారం దగ్గరే ఇంకో పెనుతుపాను తీరం దాటింది. గాలి బలంలో మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. కానీ ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. ఈ మధ్యలో తుపాను షెల్టర్లు లేచాయి, ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాయి. అన్నిటికీ మించి, ఉప్పెనంటే ఏమిటో కళ్లారా చూసిన తరం ‘పదండి’ అనగానే కదిలింది.

అయినా పాఠం సగమే అయింది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను తాకినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి నడిసముద్రంలో చిక్కుకున్న మత్స్యకారులు వారిలో ఎందరో. ఒడ్డున ఎగరేసిన ప్రమాద సూచిక పడవకు కనిపించదు కదా!

ఇప్పుడు సమాచారానికి కొరత లేదు. తుపాను తీరం చేరడానికి 72 గంటల ముందే వాతావరణ శాఖ తొలి సూచన ఇస్తుంది. 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది. 24 గంటల ముందు నేరుగా హెచ్చరిస్తుంది. సునామీ ముప్పును కనిపెట్టే కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లోనే పనిచేస్తోంది. సెల్‌ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. వచ్చిన సందేశం చదివాక ఇంట్లో ఎవరు ఏం చేయాలన్న దగ్గరే ఇంకా పని మిగిలి ఉంది. నిజానికి ఈ విషయంలో తీరగ్రామాల కంటే పట్టణాలే వెనుకబడ్డాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు. బ్యాంకులో డబ్బున్నవాళ్లు కూడా పాల ప్యాకెట్ కోసం తిప్పలు పడ్డారు. పదేళ్లకు, 2024 సెప్టెంబరు 1న, విజయవాడ వంతు. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. కింది అంతస్తు వాళ్లు పై అంతస్తుల్లో తలదాచుకున్నారు. డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించాల్సి వచ్చింది. చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి చుక్క లేదు.

అందుకే ముందుగా నీళ్లు. మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్ల లెక్కన మూడు రోజులకు సరిపడా మూత ఉన్న డబ్బాల్లో నింపుకోవాలి. పొయ్యి వెలిగించకుండా తినగలిగే అటుకులు, బెల్లం, పుట్నాలు పక్కన పెట్టుకోవాలి. బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా, చిన్న నోట్లలో కొంత నగదు, టార్చిలైటు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు గాలి చొరని ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. వాటి ఫొటోలు వేరే ఊళ్లో ఉన్న దగ్గరి బంధువుకు వాట్సాప్‌లో పంపితే ఇంకా మంచిది. ఇల్లు వదిలేటప్పుడు మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయాలి. పశువులుంటే పలుపులు విప్పేయాలి. కట్టుకొయ్యకున్న ఆవు ఈదలేదు. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను వెళ్లిపోయిందనుకుని బయటికి రాకూడదు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికే గాలి అవతలి వైపు నుంచి విరుచుకుపడుతుంది.

సాయం కోసం 112, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077 ఉన్నాయి. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాకుండా గోడ మీద కూడా రాసి ఉండాలి.

అయితే ఎంత పెద్ద యంత్రాంగమైనా చేరుకోవడానికి సమయం పడుతుంది. 2024లో విజయవాడ మునిగిన రోజే ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. చివరికి వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఓ జేసీబీ డ్రైవర్ సాహసం. ఆ ధైర్యాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఏ ఊరూ తన ప్రాణాలను అలాంటి అదృష్టానికి వదిలేయకూడదు. పడవ ఎవరిది, ట్రాక్టర్ ఎవరిది, ఈత ఎవరికి వచ్చు, మంచం దిగలేని పెద్దావిడను ఎవరు ఎత్తుకెళ్తారు అన్నది ఎండకాలంలోనే తేల్చుకోవాలి.

ఈ పనిని పొరుగున ఒడిశా చేసి చూపిస్తోంది. 1999 పెనుతుపానులో పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రమది. 2024 అక్టోబరులో ‘దానా’ తుపాను వచ్చేలోపు నెలలు నిండిన గర్భిణులను నాలుగు వేల మందికి పైగా ముందుగానే ఆసుపత్రులకు చేర్చింది. అది సాధ్యమైంది ఏ ఇంట్లో ఎవరికి ఏ నెలో ముందే రాసిపెట్టుకున్న జాబితాల వల్ల. మన పల్లెల్లోనూ ఆశా కార్యకర్తల దగ్గర అలాంటి వివరాలు ఉంటాయి. నగరంలోని అపార్ట్‌మెంట్ సంఘం దగ్గర మాత్రం మెయింటెనెన్స్ బాకీల జాబితాయే ఉంటుంది. డయాలసిస్‌కు వెళ్లేవారు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారు, ఒంటరిగా ఉంటున్న వృద్ధులు ఏ ఫ్లాట్‌లో ఉన్నారో, నీళ్లొస్తే కింది అంతస్తువాళ్లు పైన ఎవరింటికి వెళ్లాలో రాసుకోవడానికి జూన్‌కు ముందు ఒక్క సాయంత్రం కూర్చుంటే చాలు. జనరేటర్ సెల్లార్‌లో ఉంటే దాన్ని పైకి మార్చే ఖర్చు సంగతీ ఆ సమావేశంలోనే తేల్చుకోవచ్చు.