స్పిరిటు ట్యాంకరు కొత్తపేట చేరాలంటే

కోనసీమ కొత్తపేటలో ఒకాయన చిన్న రసాయనాల యూనిట్ పెట్టాడనుకుందాం. విదేశం నుంచి 20 వేల లీటర్ల ఇథనాల్ తెప్పిస్తున్నాడు. ట్యాంక్ కంటైనర్ ఒకటి నిండుతుంది. లెక్కకు తేలిగ్గా ఉండేలా సరుకు విలువ 15 లక్షల రూపాయలు అనుకుందాం. సుంకం ఎంతో చెప్పే ముందు కస్టమ్స్ తేల్చుకోవాల్సింది ఒకటే: ఇది తాగేదా, తాగనిదా?

ఏమీ కలపని, 80 శాతం పైబడిన ఇథనాల్ టారిఫ్‌లో 2207 10 కిందికి వస్తుంది. మూల సుంకమే 150 శాతం, అంటే 22.5 లక్షలు. సరుకు కన్నా సుంకమే ఎక్కువ. అదే ఇథనాల్‌లో నోట పెట్టలేనంత చేదో, ముక్కు మూసుకోవాల్సిన పిరిడినో కలిపితే అది డీనేచర్డ్ స్పిరిటు, కోడ్ 2207 20. పారిశ్రామిక రసాయనాల తయారీకి తెచ్చే ఈ సరుకుపై 5 శాతంగా ఉన్న మూల సుంకాన్ని 2023 బడ్జెట్‌లో సున్నా చేశారు.

ఆ 5 శాతం ఉన్నప్పుడు మనవాడి లెక్క ఇలా ఉండేది: మూల సుంకం 75,000, దాని మీద పది శాతం సంక్షేమ సర్‌చార్జి 7,500, మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ 2,84,850. సుంకం సున్నా అయితే మిగిలేది ఐజీఎస్టీ 2,70,000 మాత్రమే. దాన్నీ తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకోవచ్చు కాబట్టి, నిజంగా చేతిలో మిగిలేది 82,500.

ఆ 82,500 ఊరికే రాదు. 2022 నాటి రాయితీ దిగుమతి నిబంధనల కింద ముందే ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి, బాండు రాయాలి, ఏ బొట్టు ఎందులోకి పోయిందో లెక్క చూపాలి. ఇదివరకు ఆరు నెలల్లో వాడెయ్యాలి, నెలనెలా వివరాలు పంపాలి. 2025 బడ్జెట్ ఆ గడువును ఏడాదికి పెంచి, మూడు నెలలకోసారి పంపితే చాలంది. చిన్న యూనిట్లకు నా దృష్టిలో సుంకం తగ్గింపు కన్నా ఇదే పెద్ద ఊరట. నెలనెలా ఈ కాగితాలు నింపే గుమాస్తా జీతం ఎవరు లెక్కేస్తారు? ఇంకో మెలిక: 2018 నుంచి డీనేచర్డ్ ఇథనాల్‌ను ఇంధనేతర అవసరాలకు, అదీ సొంతంగా వాడుకునేవారే తెచ్చుకోవాలి. తెచ్చి రాజోలులో మరొకరికి అమ్ముకుందామంటే కుదరదు.

ఓడ రేవు చేరే రోజుకు ముందురోజు లోపే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం) వెయ్యాలి. సెలవు రోజులకూ మినహాయింపు లేదు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000. పది రోజులు జాగు చేస్తే 85,000. పైన మిగిల్చిన సొమ్మంతా ఇక్కడే హరీ!

రేవు దాటాక ఢిల్లీ చేయి వదిలి అమరావతి చేయి పట్టుకోవాలి. 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 తేడాతో, రాజ్యాంగంలోని ‘మత్తు పానీయం’ అన్న మాటలోకి పారిశ్రామిక ఆల్కహాల్ కూడా వస్తుందని తేల్చింది. అందుకు విరుద్ధంగా చెప్పిన 1989 నాటి సింథటిక్స్ అండ్ కెమికల్స్ తీర్పు దీంతో చెల్లకుండా పోయింది. భిన్నాభిప్రాయం జస్టిస్ బి.వి. నాగరత్నది. కస్టమ్స్ తాగనిదన్న సరుకు మీద కూడా రాష్ట్ర ఎక్సైజ్ అజమాయిషీకి దీంతో రాజ్యాంగ బలం వచ్చింది.

కోనసీమకు ఇంకో తిరకాసు ఉంది. కాకినాడ నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే ఎదుర్లంక వంతెన ఎక్కే ముందు యానాం తగులుతుంది. అది పుదుచ్చేరి పరిధి, వేరే ఎక్సైజ్. స్పిరిటు బండితో ఆ హద్దు దాటే బదులు రాజానగరం, రావులపాలెం మీదుగా కొత్తపేట రావడం కాస్త చుట్టే, కానీ రాష్ట్రం గడప దాటదు.

ఇంత పట్టింపు దేనికంటే, 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడు గుర్తు చేసుకోండి. మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. శానిటైజర్‌లో ఇథనాల్ బదులు మెథనాల్ ఉండే ప్రమాదమూ ఉంది. ఇథనాల్, మెథనాల్ రెండూ రంగులేనివే, వాసనలోనూ పెద్ద తేడా తెలియదు. టారిఫ్‌లో మాత్రం మెథనాల్ 2905 11, పూర్తిగా వేరే అధ్యాయం. బండి మీద అతికించే ప్రమాద సూచిక పలకపైనా నంబరు వేరు: ఇథనాల్‌కు 1170, మెథనాల్‌కు 1230.