జరిగే పొలిమేర, కణాలను లెక్కించే ‘స్టెప్స్’

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ గాలి సంగతి పూండి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి తుపాన్లను సముద్రం మీద ఉండగానే కనిపెట్టే ఇన్‌శాట్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వాటికీ ఓ తుపాను భయం ఉంది. అది సూర్యుడి నుంచి వస్తుంది.

సూర్యుడు ఎడతెగకుండా విద్యుదావేశ కణాలను వెదజల్లుతుంటాడు. ఆ సౌరపవనాన్ని భూమి అయస్కాంత క్షేత్రం అడ్డుకుంటుంది. రెండింటి ఒత్తిడీ సరితూగిన చోటే భూమి అయస్కాంత క్షేత్రం ఏలుబడిలోని ప్రాంతానికి, అంటే అయస్కాంతావరణానికి, పొలిమేర. సూర్యుడి వైపున అది మామూలుగా 60 వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కానీ ఒకచోట నిలవదు. భావనపాడు ఒడ్డున అల వచ్చి ఆగే గీతలా ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది.

అయస్కాంతావరణంలో కణాలను లెక్కించిన మన పరికరం పేరు స్టెప్స్. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ దాన్ని తయారుచేసింది. ఆరు సెన్సార్లు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. మహా శక్తితో దూసుకొచ్చే అయాన్లు, ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎన్ని వస్తున్నాయో పట్టుకుంటాయి. ఎటు నుంచి వచ్చాయో తెలియకపోతే ఎన్ని వచ్చాయన్న లెక్కకు విలువ సగమే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ57 ఎక్కి, సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌకలో భాగంగా బయల్దేరింది. గమ్యం చేరేదాకా ఖాళీగా కూర్చోలేదు. భూమి చుట్టూ తిరుగుతుండగానే, సెప్టెంబరు 10న, వికిరణ వలయాలను దాటి 50 వేల కిలోమీటర్ల అవతలికి వెళ్లాక దాన్ని ఆన్ చేశారు. అందులోని ఒక్క సెన్సార్ యూనిట్ పంపిన లెక్కలతో ఇస్రో గ్రాఫు విడుదల చేసింది. కణాల సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉన్న తీరు అందులో కనిపించింది.

2024 జనవరి 6న ఆదిత్య భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 అనే చోటుకు చేరింది. ఆ అక్టోబరు 10న భారీ సౌర తుపాను భూమిని తాకింది. అవి తిత్లీ రోజులే కావడం కాకతాళీయం. ఆదిత్య సమాచారంతో శాస్త్రవేత్తలు లెక్కగడితే, తుపానులోని అల్లకల్లోలపు భాగం పొలిమేరను భూమి వైపు బాగా నెట్టేసిందనీ, 36,000 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలోని కొన్ని ఉపగ్రహాలు కాసేపు ఆ పొలిమేర అవతల ఉండిపోయాయనీ తేలింది.

సముద్రపు తుపాను కబురు కొన్ని రోజుల ముందు అందుతుంది. కానీ ఎల్1 దగ్గర కొలిచిన మామూలు సౌరపవనమైనా సుమారు గంటలో భూమిని చేరుతుంది, తుపానైతే ఇంకా ముందే. ఆదిత్య కొలతలను ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్లో అందరికీ అందుబాటులో ఉంచింది. టెక్కలి, పలాస కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలూ, ఒకసారి తెరిచి చూడండి.