థామస్ హోపు ప్లాస్టరు ప్రతిమ

కోపెన్‌హాగెను నగరమున 1848లోఁ దెఱవఁబడిన థోర్వాల్డ్‌సెన్ ప్రదర్శనశాలలో, కళాపోషకుఁడైన థామస్ హోపను ధనికుని ప్రతిమ యొకటి యెదవఱకు మలచినది కలదు. అది పాలఱాతిది కాదు, ప్లాస్టరుది. ఇట్టివానిని జూచి పెక్కండ్రు ఇది నకలనియు, అసలు పాలఱాతిదనియుఁ దలంతురు. నేనును గొంతకాల మట్లే తలఁచితిని. అది పొరపాటు.

శిల్పి మొదటఁ దడిమట్టితో రూపము దీర్చును. ఆఱినచో నది బీటలు వాఱును. కావున దానిపైఁ బ్లాస్టరు పూసి మూస చేయుదురు. మొదటిపొరకు రంగు గలుపుదురు. పిదప మట్టిని దవ్వివేసి, మూసను గడిగి, సబ్బు రాచి, తెల్లని ప్లాస్టరు పోయుదురు. అది గట్టిపడఁగానే మూసను ఉలితోఁ బగులఁగొట్టుదురు. రంగుపొర కనఁబడుటయే చేయి మెల్లగా నాడవలయునను హెచ్చరిక. మన వైద్యులు గోదంతి యను రాతిని ఇంచుమించు 150 డిగ్రీల వేఁడిమిలోఁ గాల్చినచో దానియందలి నీటిలో ముప్పాతికపాలు పోవును. ఆ పొడియే ప్లాస్టరు. నీరు గలిపినంతనే మరల దానిని గ్రహించి, యించుక పొంగుచు గట్టిపడును. ఆ పొంగుచేతనే కనుఱెప్పల మడఁతలు సైతము దిగును.

మట్టి పోయినది, మూసయుఁ బోయినది. వ్యాకరణపరిభాషలో మట్టి స్థాని, ప్లాస్టరు ఆదేశము. స్థాని తొలఁగినను దాని ధర్మము లాదేశమునకుఁ జెందును గదా. పాలఱాతిప్రతిమయో, దీనిపై గుర్తులుంచి కొలిచి తఱచుగా సహాయకులు చెక్కునది. అది దీనిని దొలఁగించి వచ్చినది కాదు గావున ఆదేశము గాదు, అనుకరణము.

డేనిష్ శిల్పి థోర్వాల్డ్‌సెన్ (1770–1844) ఈ భేదమును గష్టపడి నేర్చెను. రోములో నాతఁడు తొలుత మలచిన జేసన్ అను గ్రీకువీరుని మట్టివిగ్రహము, ప్లాస్టరు పోయించుటకు సొమ్ము లేక నశించెను. రెండవసారి ఫ్రీడెరికా బ్రూను అను విదుషి ధనసాహాయ్యమున నది ప్లాస్టరున నిలిచెను. 1803లో శిల్పి స్వదేశమునకు మరలఁబోవుచుండఁగా, హోపు ఆ జేసనును జూచి పాలఱాతఁ జెక్కి యిమ్మని కోరెను. హోపు (1769–1831) ఆమ్‌స్టర్‌డాములోని గొప్ప వర్తకవంశమువాఁడు. శిల్పి ప్రయాణము మానెను. రోమే యాతనికిఁ గర్మభూమి యయ్యెను.

పాలఱాతివిగ్రహము మాత్రము 1828లోఁ గాని హోపునకుఁ జేరలేదు. ఇరువదియైదేండ్లు! కవి యగ్రహారము గైకొని షష్ఠ్యంతములను బాతికేండ్లకు వ్రాసి యిచ్చినట్లున్నది. ఈ నడుమనే హోపు ముఖమును, ఆతని భార్య లూయిసా ముఖమును శిల్పి తీర్చెను.

డీప్‌డీనులోని హోపువంశీయుల వస్తువులు 1917లో నమ్ముడుపోఁగా జేసను కోపెన్‌హాగెను చేరెను. కొన్నవాని ముఖమును, ఆతఁడు కొన్న విగ్రహమును నేఁ డొక్క కప్పుక్రింద నున్నవి.